ఇరవై కిలోల లోపు

రెడింగ్‌లో, కాలవ పక్క పాత ఇనుము యార్డులో
లారీ కాటా దగ్గర కూచుంటాను నేను.
పదకొండేళ్లుగా ఒకటే పని:
వచ్చేటప్పుడు ఎంత, పోయేటప్పుడు ఎంత,
తేడా రాసి సంతకం పెట్టడం.

ఈ చలికాలం మా వీధిలో అందరి నోటా నా భాషే.
టన్నులూ కిలోలూ.
కౌన్సిల్ వాళ్లు గుమ్మం గుమ్మానికీ కాగితం పడేసి పోయారు:
బరువైన కారుకి పార్కింగ్ పర్మిట్ రెట్టింపు చెయ్యాలా?
అవును. కాదు. తెలియదు.
మూడు గళ్లు, ఒక గడువు తేదీ.

"తూకం పేరుతో దోపిడీ" అన్నాడు క్రెయిగ్,
వెనక సీట్లో కుక్కకి బెల్టు బిగిస్తూ.
ఆ కారెక్కడానికి కుక్కకి చెక్క మెట్లు కొన్నాడు.
"ఊపిరాడని పిల్లలొస్తారు రాత్రుళ్లు మా వార్డుకి,
వాళ్లనడగమను" అంది నర్సు ఒయింకా.
నేను ఎటూ తలూపలేదు.
నాదీ ఏడు సీట్ల బండే.

నాకు కారణం ఉంది.
కారణం లేనివాడెవడు గనక?
చిన్న కారు వెనక వరసలో
మూడు బుడ్డి సీట్లు పట్టవు.
షోరూములో మోకాళ్ల మీద కూచుని, టేపు పెట్టి కొలిచాను.
మూడోది పెడితే తలుపు పడలేదు.
మూడోవాడు అప్పటికే కడుపులో తంతున్నాడు.
"వీణ్ణి వెనక్కి పంపలేం కదా" అంది వకుళ.
కారునే మార్చాం.

ఒక ఆదివారం, యార్డు మూసి ఉండగా
అందరినీ బండిలో కాటా ఎక్కించాను.
ఊరందరికీ శకునం చెప్పే బల్లి
తనే కుడితి తొట్టి అంచున నిలబడ్డట్టు.
నిండుగా, రెండు వేల మూడొందల ఇరవై.
అందరం దిగాం.
రెండు వేల నూట నలభై.

మా సంసారం మొత్తం నూట ఎనభై కిలోలు!
దాన్ని బడికీ ఈతకొలనుకీ మొయ్యడానికి
రెండు టన్నుల పైచిలుకు.
"మిగతాదంతా ఎవరు నాన్నా?" అంది మేదిని.
"ఇనుమమ్మా" అన్నాను.
అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.
అందులో కొంత భయం ఉంది,
ఎదురుగా వచ్చేది క్రెయిగ్ కారైతేనో అని.
క్రెయిగ్ బండిలో బహుశా
నాదంటే భయం.

మంగళవారం అద్దం మీద మంచు గీకుదామని
తొందరగా లేచి, వంటింటి కిటికీలోంచి చూశాను.
ఇళ్ల వెనక సందులో పక్కపక్కనే గీసిన గళ్లు,
కార్లు బుల్లిగా ఉన్న రోజుల్లో గీసినవి.
నా చక్రాలు గీత లోపలే ఉన్నాయి. ఆ మాట చెప్పాలి.
పక్కగడిలో డోరీన్ బూడిదరంగు డబ్బా కారు.
డెబ్భయ్ తొమ్మిదేళ్ల మనిషి
డ్రైవరు తలుపు వైపు చూడనైనా చూడలేదు.
చుట్టూ తిరిగి అవతలి తలుపు తీసింది,
కూచుంది, ఒక కాలెత్తి గేరు దాటించింది,
ఆగి ఊపిరి తీసుకుంది,
రెండో కాలిని రెండు చేతులా పట్టి ఎత్తింది.
కోటు అంచు బ్రేకుకి తగులుకుంటే
పూలకొమ్మ విడదీసినంత ఓపిగ్గా విడిపించుకుంది.

ఎన్నాళ్లుగానో నాకు తెలీదు.
మొన్ననే గోడ మీంచి మా పిల్లలకి కమలాలిచ్చింది,
ఒక్క మాట అనలేదు.

పన్ను వెయ్యాలా వద్దా అని
లైబ్రరీలో సభ పెడతారట గురువారం.
డోరీన్ కడుతూనే ఉంది,
వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి,
నా బండి మీది పన్ను, తన మోకాళ్లతో.

మా కాటాకి ఇరవై కిలోలు ఒక మెట్టు.
అంతకు లోపుదాన్ని అది లెక్కలోకి తీసుకోదు.
పదకొండేళ్లు నాకూ అదే అలవాటైంది.

కాగితం ఇంకా జేబులోనే ఉంది, మూడు గళ్లూ ఖాళీ.
పర్మిట్ రెట్టింపైతే నెలాఖర్న ఏం కోసుకోవాలో
వకుళకి తెలుసు, నాకూ తెలుసు.
ఆ సాయంత్రం మాత్రం బండిని
రెండు వీధుల అవతల ఆపి, వానలో నడిచాం.
చిన్నవాడు భుజం మీద నిద్రపోయాడు.
పన్నెండు కిలోలు.
కాటా మీద పెడితే లెక్కకి రాడు.
మలుపు తిరిగేసరికి నా చెయ్యి
లాగేస్తోంది.